పావు నుంచి క్వార్టర్ దాకా: ఉత్తర తెలంగాణలో ఒక ఆంగ్లపదం నడిచిన దారి

గోదావరిఖనిలోనో మందమర్రిలోనో ఒక బొగ్గుగని కార్మికుడు "మాకు క్వార్టర్ వచ్చింది" అంటే వినేవారికి అనుమానం రాదు. కంపెనీ ఆయనకు ఇల్లు కేటాయించిందని అర్థం. అదే ఊళ్లో పొద్దుగూకినంక వైన్‌షాపు ముందు "ఒక క్వార్టర్" అంటే 180 మిల్లీలీటర్ల సీసా. బడిపిల్లలకు క్వార్టర్లీ అంటే దసరా సెలవులకు ముందు వచ్చే పరీక్ష. పత్రికలో వాణిజ్య వార్తల పేజీ చదివేవారికి మొదటి క్వార్టర్ అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక సంస్థ లాభనష్టాలు. ఇంతగా వాడుకలో ఉన్న ఈ మాటను, దాని అసలు అర్థమైన "నాలుగో వంతు" కోసం మాత్రం ఇక్కడ దాదాపు ఎవరూ వాడరు. కరీంనగర్ అంగట్లో "క్వార్టర్ కిలో చింతపండు" అని అడిగినవారు నాకు ఇంతవరకు తగల్లేదు. పావుకిలో అనే అడుగుతారు.

ఈ పాఠంలో మనం చూడబోయేది ఈ వింతనే. ఒక భాష నుంచి మాట వచ్చినప్పుడు దాని అర్థాలన్నీ కలిసి రావు. వచ్చిన అర్థం ఎవరితో వచ్చింది, ఏ అవసరంతో వచ్చింది, దాని వెంట ఏ అధికారం వచ్చింది అని అడిగితే చరిత్ర బయటపడుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో ఆ ప్రశ్నకు జవాబు ఎక్కువగా బొగ్గుబావుల దగ్గర దొరుకుతుంది. అక్కడికి చేరేముందు కొంత వెనక్కి వెళ్లాలి.

కాలు, పాదం, పావు

క్వార్టర్‌కు మూలం లాటిన్ భాషలో నాలుగో వంతు అని అర్థమిచ్చే క్వార్టేరియస్ అనే మాట. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. మన భాషలకు ఈ విషయంలో అప్పు చేయాల్సిన అవసరం లేదు. సంస్కృతంలో పాదం అంటే అడుగు, నాలుగో వంతు కూడా. పద్యానికి నాలుగు పాదాలు, నక్షత్రానికి నాలుగు పాదాలు. 27 నక్షత్రాలకు 108 పాదాలు. ధర్మం ఒక్కో యుగంలో ఒక్కో పాదం పోగొట్టుకుని కలియుగంలో ఒంటికాలి మీద నిలిచిందని పురాణం చెప్పేవారు అనేది ఈ లెక్కతోనే. మన పావు ఈ పాదం నుంచే పుట్టింది. తెలుగు కాలు కూడా అదే దారిలో నడిచింది. ముక్కాలు అంటే మూడు కాళ్లు, అంటే మూడు వంతులు. "ముక్కాలు మువ్వీసం" అనే పలుకుబడిలో ఆ పాత లెక్క ఇంకా బతికే ఉంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన రెండు భాషలు ఒకే పోలికను పట్టుకున్నాయి: పశువుకు నాలుగు కాళ్లు, కాబట్టి ఒక కాలు అంటే నాలుగో వంతు. పశువుల మీద ఆధారపడి బతికిన సమాజాలకు ఇంతకంటే దగ్గరి కొలత ఏముంటుంది?

డబ్బు దగ్గరికి వస్తే కోస్తా తెలుగువారికి పావలా, తెలంగాణవారికి చారాణ. రెండూ నాలుగు అణాలే. హైదరాబాద్ రాజ్యానికి సొంత నాణెం ఉండటం వల్ల మన చారాణ బ్రిటిష్ ఇండియా చారాణతో సమానం కాదు. హాలీ సిక్కా రూపాయలు ఏడు ఇస్తే బ్రిటిష్ రూపాయలు సుమారు ఆరు వచ్చేవి. చార్మినార్ బొమ్మతో ఉన్న ఆ నాణేలు సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత కూడా కొన్నేళ్లు చెలామణిలో ఉన్నాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి నాలుగు అణాలు 25 పైసలయ్యాయి. 2011 జూన్ 30 నుంచి ఆ 25 పైసల నాణెం కూడా చెల్లకుండా పోయింది. నాణెం పోయినా మాట పోలేదు. "చారాణ కోడికి బారాణ మసాలా" అనే సామెతను అణా ముఖం చూడని పిల్లలు కూడా వాడుతున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చిన రుణాల పథకానికి "పావలా వడ్డీ" అని పేరు పెట్టినప్పుడు ఆ పేరు ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేకపోయింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు శాతం. ఊళ్లో అప్పు లెక్కను నూటికి నెలకు ఇంత అని చెప్పుకోవడం అందరికీ అలవాటు గనుక ప్రభుత్వం శాతాన్ని వదిలి ఆ భాషలోకి దిగింది.

భూమి విషయంలో మరో సంగతి గమనించాలి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. కాబట్టి రైతు "పావెకరం" అనడం కంటే "పది గుంటలు" అనడం ఎక్కువ. భాగించి చెప్పే అవసరమే లేకుండా చిన్న కొలమానం ఉన్నచోట వంతుల మాటలు వెనక్కి తగ్గుతాయి.

మొత్తం మీద తూకానికి, డబ్బుకు, భూమికి మనకు సొంత మాటలు గట్టిగా ఉన్నాయి. ఇంగ్లీషు క్వార్టర్‌కు ఆ గడపల్లో చోటు దొరకలేదు.

చౌథ్, విడిది, ప్రాణభిక్ష

దక్కన్ చరిత్ర చదివే విద్యార్థికి నాలుగో వంతు అనగానే గుర్తుకు రావలసిన మాట చౌథ్. 1719లో మొఘల్ చక్రవర్తి ఫర్మానా దక్కన్‌లోని ఆరు సుబాల నుంచి చౌథ్, సర్దేశ్‌ముఖీ వసూలు చేసుకునే హక్కును మరాఠాలకు ఒప్పుకుంది. ఆ ఆరింటిలో హైదరాబాద్ సుబా ఒకటి. ఎలగందుల సర్కారు, అంటే నేటి కరీంనగర్ పరిసర ప్రాంతం, ఆ సుబాలోదే. చౌథ్ రాబడిలో నాలుగో వంతు, సర్దేశ్‌ముఖీ పదో వంతు. రెండూ కలిపితే నూటికి 35. నిజాముల్ ముల్క్ 1724లో దక్కన్‌లో తన అధికారాన్ని స్థిరపరచుకున్నా, 1728లో పాల్‌ఖేడ్ దగ్గర బాజీరావు చేతిలో ఇరుక్కుని ఈ హక్కును గుర్తించక తప్పలేదు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరపడేది ఒకటుంది. చౌథ్ రైతు పంటలో నాలుగో వంతు కాదు. ప్రభుత్వానికి రావలసిన రాబడిలో నాలుగో వంతు. దేనిలో నాలుగో వంతు అని అడగకుండా "పాతిక శాతం పన్ను" అని రాసేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. చౌథ్ చెల్లించిన ప్రాంతాన్ని మరాఠా దళాలు దోచుకోకూడదన్నది దాని వెనక ఉన్న ఒడంబడిక. దోపిడీ నుంచి మినహాయింపుకు కట్టిన వెల అన్నమాట.

ఇంగ్లీషులోనూ క్వార్టర్‌కు యుద్ధంతో ముడిపడిన ఒక అర్థం ఉంది. లొంగిపోయిన శత్రువును చంపకుండా వదిలిపెట్టడాన్ని క్వార్టర్ ఇవ్వడం అంటారు. చౌథ్‌తో దీని పోలిక కేవలం యాదృచ్ఛికం. కానీ పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ సైనిక నివేదికలను చదివే విద్యార్థి ఈ అర్థం తెలుసుకుని తీరాలి. "క్వార్టర్ ఇవ్వలేదు" అన్న వాక్యాన్ని రామగుండం పిల్లవాడు "ఇల్లు కేటాయించలేదు" అని అర్థం చేసుకుంటే నేను అతన్ని తప్పుపట్టను. అతను పెరిగిన చోట ఆ మాటకు అదొక్కటే అర్థం. ఆ వాక్యానికి తెలుగు "లొంగినా ప్రాణాలతో వదల్లేదు" అని. ఆదిలాబాద్ చరిత్రలో దానికి సరిపోయే ఘట్టం నిర్మల్‌లో ఉంది. 1857 తర్వాత రోహిల్లాలతో కలిసి పోరాడిన రాంజీ గోండును, ఆయన అనుచరులను 1860లో నిర్మల్‌లో ఉరితీశారు. వెయ్యిమందిని ఒకే చెట్టుకు వేలాడదీశారని జనం చెప్పుకుంటారు. ఆ చెట్టుకు "వెయ్యి ఉరుల మర్రి" అనే పేరు నిలిచిపోయింది.

ఇక ఇల్లు అనే అర్థం సైన్యం నుంచే వచ్చింది. పట్టణంలోనో దండు విడిసిన చోటనో ఒక భాగం క్వార్టర్. ఆ భాగంలో సైనికుడికి చూపిన చోటు అతని క్వార్టర్స్. సేనాని దిగిన చోటు హెడ్‌క్వార్టర్స్. జిల్లా కేంద్రాన్ని మనం హెడ్‌క్వార్టర్ అంటున్నామంటే, తెలియకుండానే ఒక దళపతి డేరాను తలుచుకుంటున్నామన్నమాట. 1905 పునర్వ్యవస్థీకరణలో ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారింది. ఆదిలాబాద్ వైపు చాలాకాలం ఆసిఫాబాద్ కేంద్రంగా ఉండి తర్వాత ఆదిలాబాద్‌కు మారింది. 2016 అక్టోబరులో పాత ఆదిలాబాద్ జిల్లా సరిగ్గా నాలుగు ముక్కలై ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. అంతా "కొత్త హెడ్‌క్వార్టర్లు" అన్నారు. జిల్లా నిజంగానే నాలుగు పావులైందని గమనించినవారు తక్కువ.

సైనికుడి విడిది భారం ఎవరు మోయాలన్నది ప్రపంచ చరిత్రలో పెద్ద గొడవ. 1765లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం అమెరికా వలసల ప్రజలు సైనికులకు విడిది, కొన్ని సరుకులు సమకూర్చాలి. ఆ కోపం ఎంతటిదంటే, స్వతంత్ర అమెరికా 1791లో తన రాజ్యాంగానికి చేసిన మూడో సవరణ శాంతికాలంలో యజమాని అనుమతి లేకుండా ఏ ఇంట్లోనూ సైనికుణ్ణి దించరాదని నిషేధించింది. ఈ చట్టాలు చదివేటప్పుడు మనవారికి దౌరా గుర్తుకు రావాలి. నిజాం పాలనలో అధికారి దౌరాకు వచ్చి ఊళ్లో ముకాం వేస్తే వంటచెరకు, నీళ్లు, కోళ్లు, బండ్లు, చాకిరీ అన్నీ ఊరిమీదే పడేవి. కుమ్మరి, చాకలి, మంగలి, మాల, మాదిగ కుటుంబాలు కూలి లేకుండా చేయాల్సిన ఆ పనికి మన పేరు వెట్టి. ఆంధ్ర జనసంఘం, తర్వాత ఆంధ్ర మహాసభ దీన్ని ప్రజల ముందుకు తెచ్చాయి. ఆ ఉద్యమానికి ముందునడిచిన మాడపాటి హనుమంతరావు అధ్యక్షతనే 1935లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది. అమెరికాలో ఆ భారం ఆస్తిపరుడి ఇంటి గడప దగ్గర వివాదమైంది. ఇక్కడ అది ఇల్లే సరిగా లేనివాడి ఒంటిమీద పడింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవకుండా వెట్టిని కేవలం ఆచారంగా చెప్పే పుస్తకాలంటే నాకు గౌరవం తక్కువ.

సీసా, లెక్కల ఏడాది

ఈ రెండింటి గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోదాం. మద్యం సీసాలో ఫుల్ 750 మిల్లీలీటర్లు, హాఫ్ 375, క్వార్టర్ 180. నాలుగు క్వార్టర్లు కలిపితే 720 మాత్రమే. ఫుల్‌కు 30 తక్కువ. అంటే ఇక్కడ క్వార్టర్ వంతు కాదు, ఒక సైజు పేరు. అర్థం వదిలేసి పేరుగా మిగలడం అరువు మాటలకు తరచుగా జరిగేదే.

ఏడాదిలో నాలుగో వంతును ఇంగ్లీషువారు క్వార్టర్ అంటే మన పాలనా భాష త్రైమాసికం అంది. వారు ఏడాదిని పగలగొట్టారు, మనం నెలలు కూడాం. ఇంగ్లండులో కౌలు, అద్దెలు చెల్లించడానికి మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 అనే నాలుగు గడువు రోజులు శతాబ్దాలుగా ఉండేవి. మనకు ఆరు రుతువులు, 27 కార్తెలు, రైతుకు వానాకాలం, యాసంగి. వీటిలో ఏదీ మూడేసి నెలలుగా తెగదు. అందుకే ఈ క్వార్టర్ ఆఫీసులో, బడిలో, బ్యాంకులో ఉండిపోయింది. పొలం గట్టు ఎక్కలేదు.

బాయి వెంట వచ్చిన ఇల్లు

ఇప్పుడు అసలు విషయం. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1880ల చివర తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కాజీపేట, బల్లార్షా మధ్య రైలుమార్గం పడిన కాలంలోనే గోదావరికి ఉత్తరాన బెల్లంపల్లి వైపు గనులు తెరిచారు. తర్వాత మందమర్రి, 1960ల నుంచి గోదావరికి దక్షిణాన రామగుండం, గోదావరిఖని, ఆపై శ్రీరాంపూర్. అడవి అంచున, ఊరు లేని చోట, వేలమంది మనుషులు మూడు షిఫ్టుల్లో దిగాల్సిన పని అది. పనిమనిషి బాయికి నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. రాత్రి రెండో షిఫ్టు దిగి పది మైళ్లు నడిచి ఊరు చేరేవాడు మర్నాడు పనికి రాలేడు. ఇల్లు కట్టివ్వడం కంపెనీకి దయాధర్మం కంటే ముందు ఉత్పత్తి లెక్క.

గనితో పాటు దాని భాషా వచ్చింది. బాయి అనే తెలుగు మాట పక్కనే ఇంక్లైన్, షిఫ్ట్, మస్టర్, సర్దార్ చేరాయి. గోదావరిఖనిలో యైటింక్లైన్ కాలనీ అనే పేరుతో ఒక పట్టణభాగమే ఉంది. ఎనిమిదో నంబరు గని ముఖం అక్కడి మనుషుల చిరునామా అయింది. క్వార్టర్ ఈ గుంపులోనే వచ్చింది. దొరలు ఉండేది బంగ్లా, కార్మికులు ఉండేది క్వార్టర్. బంగ్లా మన దేశపు మాటే, బెంగాల్ పేరు మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లి తిరిగొచ్చింది. ఇంటిపేరు చూస్తే హోదా తెలిసిపోయే ఏర్పాటు ఇది. సైనికుణ్ణి వరుసలో నిలబెట్టినట్టే కార్మికుణ్ణి వరుస ఇళ్లలో పెట్టారు. తలుపు మీద నంబరు, వీధికి టైపు పేరు. టి-2 క్వార్టర్లు అన్న పేరు నేటికీ బస్సు దిగేచోటు చెప్పడానికి పనికొస్తుంది.

అందరికీ క్వార్టర్ దొరకలేదు. 1947లో కేంద్రం బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసి, బొగ్గుమీద సుంకం విధించి, ఆ డబ్బులో కొంత ఇళ్లకు కేటాయించింది. అయినా గనులు విస్తరించినంత వేగంగా ఇళ్లు లేవలేదు. మిగిలినవారు కంపెనీ స్థలంలోనే గుడిసెలు వేసుకున్నారు. ఆ విధంగా బొగ్గు పట్టణాల్లో నివాసానికి మూడో రకం పుట్టింది. మామూలు ఊళ్లో ఇల్లు సొంతమో కిరాయిదో అవుతుంది. ఇక్కడ సంబంధం మాట్లాడటానికి వచ్చినవారు "పిల్లగానిది సొంత ఇల్లా, కిరాయా, క్వార్టరా?" అని అడుగుతారు. క్వార్టర్ అన్న జవాబులో పర్మినెంటు నౌకరి, కరెంటు, నీళ్లు, దవాఖాన అన్నీ ఇమిడి ఉన్నాయి. ఒక్క మాట, ఇంతటి హామీ.

ఆ హామీకి గడువు కూడా ఆ మాటలోనే ఉంది. సైనికుడి క్వార్టర్ దండు కదిలేదాకా. కార్మికుడి క్వార్టర్ నౌకరి ఉన్నదాకా. ముప్పై ఏళ్లు అదే ఇంట్లో పిల్లల్ని పెంచి, పెరట్లో జామచెట్టు పెట్టి, రిటైరయిన తర్వాత తాళంచెవి అప్పగించాలి. ఊళ్లో భూమి ఎప్పుడో అన్నదమ్ములకు పోయింది; తిరిగి వెళ్లే ఊరు పేరుకే ఊరు. కొడుక్కు వారసత్వ ఉద్యోగం రావాలనే కోరిక వెనక జీతం ఒక్కటే లేదు, అదే ఇంట్లో ఉండాలన్న కోరిక కూడా ఉందని బొగ్గు ప్రాంతం ఎరిగినవారికి తెలుసు. ఆర్థిక చరిత్ర రాసేవారు వేతన ఒప్పందాల మీద పెట్టిన దృష్టి ఈ విషయంపై పెట్టలేదన్నది నా అభిప్రాయం.

పనే పోయిన చోట ఏమైందో చూడండి. రామగుండంలో భారత ఎరువుల సంస్థ కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. దాని స్థానంలో వచ్చిన కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది 2021లో. మధ్యలో రెండు దశాబ్దాల పాటు పాత టౌన్‌షిప్ ఇళ్లు ఏ పనికీ చెందని క్వార్టర్లు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018లో మళ్లీ నడిచింది. ఆ నాలుగేళ్లు జీతం లేని ఇళ్లలో కాపురాలు సాగాయి. సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపుల్లోకి వచ్చింది. బెల్లంపల్లిలో పాత గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఓపెన్‌కాస్టు గనులకు ఊళ్లు పోగొట్టుకున్నవారికి దక్కింది మరో మాట: పునరావాస కాలనీ. బొగ్గు తవ్వినవాడికి క్వార్టర్, బొగ్గు మీద ఊరున్నవాడికి కాలనీ.

తెలంగాణ ఏర్పడ్డాక కంపెనీ స్థలాల్లో ఏళ్లుగా ఇళ్లు కట్టుకుని ఉన్నవారికి కొన్నిచోట్ల ప్రభుత్వం పట్టాలు ఇచ్చింది. క్వార్టర్ దొరకక గుడిసె వేసుకున్న కుటుంబం చివరికి ఇంటి యజమాని కావచ్చు. నంబరున్న క్వార్టర్‌లో ముప్పై ఏళ్లున్న పక్క కుటుంబం ఆ స్థలంలో ఏమీ మిగలకుండా వెళ్లిపోవచ్చు.

బొగ్గు పట్టణాల్లో ఉంటూ ఈ పాఠం చదువుతున్న అభ్యాసకులు ఒక పని చేయవచ్చు. మీ వీధిలో రిటైరయిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల దగ్గర కూర్చుని, క్వార్టర్ ఏ సంవత్సరం వచ్చింది, అంతకుముందు ఎక్కడ ఉన్నారు, ఖాళీ చేశాక ఎక్కడికి వెళ్లారు అని అడిగి రాసుకోండి. కేటాయింపు కాగితం దాచుకుని ఉంటే తేదీ, టైపు, నంబరు ఎక్కించుకోండి. రేషన్ కార్డు మీద పాత క్వార్టర్ నంబరే ఇంకా చిరునామాగా ఉందా అని కూడా చూడండి.